జన్నారం దాటాక సిగ్నల్ ఉండదు

జూన్ 20, గురువారం

కాలు కింద పెట్టొచ్చట. బరువు మాత్రం వేయొద్దట. బరువు వేయకుండా కాలు ఎలా పెట్టాలో ఆ డాక్టరే ఒకసారి చేసి చూపిస్తే బాగుండేది.

బండి జారిన నాటి నుంచీ ఈ రెండు గదులే. సెకండ్ షిఫ్ట్ దిగి వస్తుంటే మలుపులో ఇసుక మీద జారింది. తప్పు నాదే, ఎవరినీ అనడానికి లేదు. వెనకే తన బండి మీద వస్తున్న జాన్సన్ అన్న నన్ను భుజాన వేసుకొని ఆటో ఎక్కించాడు. కరీంనగర్ దవాఖానాలో కాలికి రాడ్డు వేసినప్పుడు డ్యూటీకి నాగా పెట్టి నా మంచం పక్కన కిందే పడుకున్నాడు. బొగ్గుగనిలో నేను ఎలక్ట్రీషియన్‌ని, ఆయన పంపు ఆపరేటర్. ఎన్నో ఏళ్లుగా ఒకే షిఫ్టు. సొంత అన్న కూడా అంత చేయడు.

మహేశ్వరి బెండకాయలు తరుగుతుంటే ముక్కలు పెద్దగా వస్తున్నాయన్నాను. కత్తి కింద పెట్టి నా వంక చూసింది.

"నువ్వు జర ఎటన్న పోరాదు?"

కుంటికాలితో ఎటు పోతాను?

జూన్ 22, శనివారం

ఎటో కూడా తనే చూసిపెట్టింది. మా క్వార్టర్ల వెనక మెథడిస్టు చర్చి హాలులో బుధవారం, శనివారం సాయంత్రాలు క్యాథరిన్ టీచర్ పెద్దవాళ్లకు ఫోన్ నేర్పిస్తుంది. ఆమె రిటైరైన మనిషి. నేర్పేవాళ్లు చాలడం లేదట. నన్ను అడగకుండానే మహేశ్వరి నా పేరు చెప్పి వచ్చింది. చేతికర్ర పట్టుకొని పోయాను. కాలక్షేపానికే.

ఓపిక కావాలి, అది నా దగ్గర లేదు. గట్టయ్య తాత ముప్పై ఏళ్లు బొగ్గు కొట్టిన మనిషి. స్క్రీన్‌ను తాకడు, పొడుస్తాడు.

"మెల్లగ తాతా, అది బొగ్గు గాదు."

"మెల్లగ ఒత్తితె నా మాట ఇంటలేదు బిడ్డా."

నాగవ్వ ఫోన్ మోగితే "ఆ, వస్తున్న, ఆగు" అని దానికి జవాబు చెప్తుంది. ఎత్తదు.

మగ్దలేనమ్మ కూడా వచ్చింది. జాన్సన్ అన్న తల్లి. నేనూ అవ్వా అనే పిలుస్తాను. కొడుకు కొనిచ్చిన ఫోన్‌ను చేతిరుమాలులో చుట్టి తెచ్చుకుంది. బైబిల్ వాక్యం వినడానికి నేర్పమంటుందేమో అనుకున్నాను.

"మాట నింపి పంపుతరట గద. గది నేర్పు."

"ఎవలకు పంపుతవ్ అవ్వా?"

"ఎవలకైతేంది? నువ్వైతే నేర్పు."

జూన్ 26, బుధవారం

మళ్లీ పోయాను. ఇంట్లో ఉంటే ఫ్యాను శబ్దం లెక్కపెడుతున్నట్టు ఉంటోంది.

మగ్దలేనమ్మ అవ్వ త్వరగా పట్టేసింది. మైకు గుర్తును ఒత్తిపట్టి మాట్లాడాలి, వదిలితే పోతుంది. మొదట ఏమీ మాట్లాడకుండా ఒత్తిపట్టి వదిలింది. ఊపిరి శబ్దం మాత్రమే పోయింది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

"అవుతలోళ్లు ఇన్నది లేంది మనకు తెలుస్తదా?"

"ఇంటే గీ మైకు నీలం రంగయితది."

కళ్లజోడు పైకెత్తి, ఫోన్ దగ్గరగా పెట్టుకొని చూసింది. పైనున్న పాత మెసేజ్‌లన్నీ అప్పటికే నీలంగా ఉన్నాయి. అంటే నేను నేర్పకముందే ఎవరి చేతో పంపించింది. లేదా తనే తంటాలు పడింది.

"ఇన్నది," అంది మెల్లగా. "అన్ని ఇన్నది."

ఎవరని అడగలేదు. నాకేం సంబంధం?

జూన్ 29, శనివారం

కాలు నొప్పి అసలు లేదు. మాత్రలు వేసుకున్నాను, ముందుజాగ్రత్తకు.

జూలై 3, బుధవారం

అడగకుండా ఉంటే తెలియకుండా ఉండేది. ఈరోజు నేను అడగలేదు, అయినా తెలిసింది.

క్లాసు అయిపోయి అందరూ లేచినా మగ్దలేనమ్మ అవ్వ కూర్చునే ఉంది. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"గిదేంది బిడ్డా? ఇన్ని దినాలు నేనే మాట్లాడుడు. ఆమె ఒక్క మాట మాట్లాడలే. ఇయ్యాల గిది వచ్చింది. తిట్టిందా?"

మాట లేదు, అక్షరం లేదు. చిన్న మ్యాపు ముక్క, దాని మధ్యలో ఎర్ర గుర్తు.

"తిట్టు గాదవ్వా. ఇంటి జాడ. ఆదిలాబాద్‌ల గీడ ఉంటున్న అని పంపింది."

అవ్వ ఆ ఎర్ర గుర్తు మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందేమోనన్నట్టు తీసేసింది. నేను పైన పేరు చూశాను. సువార్త.

జాన్సన్ అన్న అక్క.

వాళ్ల నాయన పేతురు సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వస్తుంది. అప్పటికి సువార్తక్కను మొగుడు వదిలేశాడు, చిన్న పాపను ఎత్తుకొని పుట్టింట్లో ఉంది. ఉద్యోగం తనకు కావాలంది. అవ్వ కొడుకు పేరుకు ఒప్పుకుంది. సువార్తక్క ఊరుకోలేదు, ఆఫీసులో అర్జీ పెట్టింది. ఏడాదికి పైగా జాన్సన్ అన్న ఉద్యోగం ఆగింది. ఆ ఏడాది ఆయన ఇటుక బట్టీలో మోత మోశాడు. చివరికి ఆయనకే వచ్చింది. అక్క పాపను తీసుకొని ఆదిలాబాద్ వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎత్తరు. ఒకసారి ఎవరో ఎత్తితే, "ఆమె గడప తొక్కినోళ్లు మల్ల నా గడప తొక్కద్దు" అన్నాడు. నేనక్కడే ఉన్నాను.

"కొడుకు అడిగిండు, సరేనన్న," అంది అవ్వ. "బిడ్డ అడిగింది, ఏడ్సిన. ఇద్దరికి నేనే గదా అవ్వను. చర్చి గ్రూపుల ఎవలో ఆమె నంబరు పెట్టిండ్రు. గప్పటి సంది మాట్లాడుతనే ఉన్న. వాన పడ్డదని చెప్తున్న, మోకాళ్ల సంగతి చెప్తున్న."

తర్వాత నా చేయి పట్టుకుంది.

"జాన్సన్‌కు చెప్పకు బిడ్డా."

సరేనన్నాను. ఎందుకన్నానో తెలియదు. నన్ను మోసుకుపోయినవాడి తల్లి అడిగిందనా? నన్ను మోసుకుపోయినవాడి దగ్గరే దాచమని కదా అడిగింది.

జూలై 6, శనివారం

ఈరోజు క్లాసులో అందరికీ లైవ్ లొకేషన్ నేర్పాను. మనం ఎక్కడ ఉన్నామో, ఎటు పోతున్నామో అవతలివాళ్లకు ఫోన్‌లో కనబడుతుంది. ఇది ఎందుకని క్యాథరిన్ టీచర్ అడిగింది. మార్కెట్‌లో తప్పిపోతే పనికొస్తుందన్నాను. నిజమే కదా. మార్కెట్‌లో తప్పిపోతారు.

గట్టయ్య తాత పక్కనే ఉన్న నాగవ్వకు పంపించాడు.

"నాగవ్వా, సూసి చెప్పు, నేనేడున్న?"

"నా పక్కకే కూసున్నవ్ గద! ఫోన్ల సూసుడెందుకు?"

హాలంతా నవ్వింది. మగ్దలేనమ్మ అవ్వ నవ్వకుండా ముందు వరుసలో కూర్చొని, చేసినదే మళ్లీ మళ్లీ చేసింది. పోయేటప్పుడు మంచిర్యాలలో ఆదిలాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగింది. చెప్పాను. ఎవరు అడిగినా చెప్తాను.

జూలై 8, సోమవారం

వాన. ఏమీ లేదు.

"ఏందట్ల? ఫోన్ దిక్కే సూస్తున్నవ్," అంది మహేశ్వరి.

ఏమీ లేదన్నాను.

జూలై 9, మంగళవారం

నేను పొమ్మనలేదు. ముందు ఇది రాసుకుంటున్నాను. నేను పొమ్మనలేదు.

పొద్దున పళ్లు తోముకుంటుంటే ఫోన్ మోగింది. మగ్దలేనమ్మ అవ్వ లైవ్ లొకేషన్. కింద మాట కూడా నింపి పంపింది: "బస్సెక్కిన బిడ్డా. నువ్వు సూస్తనే ఉండు."

అవ్వ కోడలు, జాన్సన్ అన్న భార్య, చొప్పదండిలోని పుట్టింటికి పోయింది. జాన్సన్ అన్నది ఫస్ట్ షిఫ్ట్, పొద్దున్నే పోయాడు. అన్నీ చూసుకొనే బయలుదేరింది.

మ్యాపులో ఆమె చుక్క గోదావరి వంతెన మీదుగా జరుగుతోంది. మంచిర్యాలలో చాలాసేపు ఆగింది. నేను టిఫిన్ తినలేదు. కదిలింది. లక్సెట్టిపేట దాటింది. బస్సు సరిగ్గానే ఎక్కింది. గట్టిగా అరవాలనిపించింది, ఎవరికీ చెప్పడానికి లేదు. జన్నారం వచ్చింది. జన్నారం దాటింది.

ఆగింది.

అక్కడి నుంచి అడవి. సిగ్నల్ ఉండదు, నాకు తెలుసు. ఉట్నూరు వస్తే మళ్లీ కనబడుతుంది. స్నానం చేసి వచ్చి చూశాను. అక్కడే ఉంది. అన్నం ముందు కూర్చొని చూశాను. అక్కడే ఉంది. ఈపాటికి ఉట్నూరేమిటి, ఆదిలాబాదే రావాలి. ఫోన్ చేస్తే కలవడం లేదు. మధ్యాహ్నం దాటాక చుక్క కూడా పోయింది. 'లైవ్ లొకేషన్ ముగిసింది' అని వచ్చింది. దానికి సమయం అయిపోతే అంతే. నేర్పింది నేనే.

అప్పుడు జాన్సన్ అన్న వచ్చాడు. డ్యూటీ బట్టలు కూడా మార్చలేదు.

"రాజూ, అవ్వ గీడికి వచ్చిందా?"

"రాలే అన్నా."

"పొద్దుటి సంది లేదట. ఫోన్ కలుస్తలేదు. నీకేమన్న చెప్పిందా? నీ కాడికి క్లాసుకొస్తది గద."

"నాకేం తెల్వదన్నా."

నా గొంతు మామూలుగానే ఉంది. అదే నాకు ఆశ్చర్యం.

"బీపీ ఉన్న మనిషి. గోలీలు ఇంట్లనే ఉన్నయ్," అన్నాడు. గుమ్మంలో ఒక్క క్షణం నిలబడ్డాడు. "నువ్వు లెవ్వకు, కాలు నొస్తది. నేను దవాఖాన దిక్కు, స్టేషన్ దిక్కు పోయొస్త."

బండి శబ్దం వీధి చివరికి పోయేదాకా విన్నాను. వెనక్కి తిరిగితే మహేశ్వరి నిలబడి ఉంది.

"ఏడుంది?"

చెప్పాను. మొత్తం చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఎదురుగా కూర్చుంది.

"చెప్పద్దని మాట తీసుకున్నది, సరే. పొద్దుగాల ఆమె ఏడుందో నీకు తెలుసు, దాసినవ్. గిప్పుడు నీకు గూడ తెల్వదు. తెల్వనిదాన్ని దాసుడేంది?"

చర్చిలో ప్రమాణం చేసినట్టు నేను మాటిచ్చానని ఏదో అన్నాను.

"ఆమెకు మాటిచ్చినవ్ గని, ఆయనకు గూడ ఆమె అవ్వే గద."

ఫోన్ చేశాను. ఆయన స్టేషన్ దగ్గర ఉన్నాడు. "అన్నా, నాకు తెలుసు" అన్నాను. ఇంకేమీ అడగకుండా వచ్చాడు. నా ఫోన్ తీసుకొని అవ్వ పంపిన మాట విన్నాడు. "నువ్వు సూస్తనే ఉండు." మళ్లీ పెట్టుకొని విన్నాడు.

"ఎక్కడిదాక కనబడ్డది?"

"జన్నారం దాటినంక లేదు. అన్నా, ఏదన్న బండి మాట్లాడుకొని పోదాం పా. నేనొస్త."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

"నీ మంచం పక్కకు పండిన నేను. నువ్వు నా మొకం సూసుకుంట తెల్వదన్నవ్."

"అవ్వ మాట తీసుకుందన్నా..."

"ఆమె గడప తొక్కేటందుకు తొవ్వ నువ్వు సూపిచ్చినవ్. నా తల్లికి."

ఫోన్ నా ఒళ్లో పెట్టి పోయాడు, విసరలేదు. విసిరితే బాగుండేది.

పొద్దుగూకాక మహేశ్వరి పాలకు పోయి వచ్చి చెప్పింది, జాన్సన్ అన్న బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాడట. ఆదిలాబాద్ దిక్కు పోయే బస్సులు పోతున్నాయట. ఎక్కడం లేదట, లేవడం లేదట.

జూలై 10, బుధవారం

బతికే ఉంది. క్షేమంగా ఉంది.

తెల్లవారాక వీడియో కాల్. తెరలో అవ్వ నుదురు సగం, మిగతా అంతా ఇంటి కప్పు.

"కనబడుతున్ననా?"

"ఫోన్ జర కిందికి దించవ్వా."

జన్నారం దాటాక అడవిలో బస్సు చెడిపోయిందట. ఇంకో బస్సు వచ్చేదాకా అందరూ రోడ్డు పక్కనే కూర్చున్నారట. ఎవరో తల్లి పిల్లాడికి తెచ్చుకున్న అటుకులు ఈమెకూ పెట్టిందట. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయిందట. ఆదిలాబాద్ బస్టాండులో ఛాయ్ దుకాణం ఆయనను బతిమాలి ఛార్జింగ్ పెట్టించుకొని, ఆటో అతనికి ఆ ఎర్ర గుర్తు చూపించిందట.

"సువార్తక్క ఏమన్నది?"

ఫోన్ కదిలి ఫ్యాను కనబడింది.

"తలుపు తీసి సూసింది. 'లోపటికి రా, తడుస్తున్నవ్' అన్నది. గంతే బిడ్డా. ఇంక ఏమనలే. అన్నం పెట్టింది. మనుమరాలు నాకంటె ఎత్తున్నది."

చెప్పేశానని చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"మంచిగ జేసినవ్. రాత్రి వానికి ఫోన్ జేసిన, ఎత్తలే. ఎత్తలే గని, మోగుతుంటే నాకు పానం నిమ్మళమైంది. ఇంట్లనే ఉన్నడు గద."

సాయంత్రం క్లాసుకు పోలేదు. కాలు నొస్తోందని కబురు పంపాను.

జూలై 13, శనివారం

పోలేదు.

జూలై 20, శనివారం

ఛాయ్ కోసం చౌరస్తాకు పోయాను. జాన్సన్ అన్న ఎదురుగా వస్తూ నన్ను చూసి బండి సందులోకి తిప్పాడు. ఆ సందులో ఆయనకేం పని లేదు. అది ముందుకు పోదు, గోడ ఉంటుంది. గోడ దాకా పోయి, నేను పోయేదాకా అక్కడే ఆగాడేమో.

మగ్దలేనమ్మ అవ్వ రోజూ ఫోన్ చేస్తోంది. "జాన్సన్ తింటుండా? సన్నబడ్డడా?" నాకేం తెలుస్తుంది? దూరం నుంచి చూసింది చెప్తున్నాను. బండి మీద కనబడ్డాడు, నీలం చొక్కా వేసుకున్నాడు. ఆమెకు అదే చాలు. తిరిగి ఎప్పుడు వస్తావంటే మాత్రం, "వాడు రమ్మనాలె గద" అంటుంది.

సువార్తక్క నాతో మాట్లాడలేదు. ఒకసారి వెనక నుంచి గొంతు వినబడింది, "ఎంతసేపు మాట్లాడుతవ్, అన్నం సల్లారుతుంది" అని.

సాయంత్రం క్యాథరిన్ టీచర్ ఇంటికే వచ్చింది. గట్టయ్య తాత ఫోన్‌లో ఏదో పొడిస్తే అక్షరాలన్నీ హిందీలోకి మారిపోయాయట. నేను తప్ప ఎవరూ తిప్పలేరని కూర్చున్నాడట.

"నేను నేర్పినదానితోని ఏమైందో చూసిండ్రు గద టీచర్," అన్నాను.

"చూసినా. ఒక తల్లి బిడ్డ దగ్గరికి పోయింది. బుధవారం రా."

జూలై 24, బుధవారం

పొద్దున కంపెనీ దవాఖానాలో మెడికల్ పరీక్షకు పోయాను. ఇంకో నెల ఆగాలన్నారు. ఆ తర్వాత కూడా గని లోపలికి పంపడం చూద్దామన్నారు. గని పైన పని ఇస్తారేమో. మంచిదే. పైన గాలి ఉంటుంది, ఎండ ఉంటుంది. మంచిదే కదా. మహేశ్వరికి ఇంకా చెప్పలేదు.

మొదట ఈ సంగతి జాన్సన్ అన్నకు చెప్పాలనిపించింది. ఫోన్ తీసి, పెట్టేశాను.

క్లాసుకు పోయాను. గట్టయ్య తాత ఫోన్ తెలుగులోకి మార్చాను. "నువ్వు లేకుంటే మూగోన్ని అయిపోయిన," అన్నాడు.

ఆగస్టు 3, శనివారం

అన్నం తర్వాత తింటాను. ముందు ఇది రాసుకోవాలి.

క్లాసు సగంలో ఉంది. నాగవ్వ ఫోన్ మోగితే ఎత్తడం నేర్చుకుంది కానీ ఇప్పుడు పెట్టేయడం రావడం లేదు, దాని మీద ఉన్నాము. గుమ్మంలో నీడ పడింది. జాన్సన్ అన్న. ఫస్ట్ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద బొగ్గు నల్లగా ఉంది. కొట్టడానికి వచ్చాడనే అనుకున్నాను. క్యాథరిన్ టీచర్ కూడా అలాగే అనుకున్నదేమో, లేచి నిలబడింది.

ఎవరినీ చూడకుండా వచ్చి, వెనక బెంచీ మీద నాగవ్వ పక్కన కూర్చున్నాడు. నేను కర్ర తీసుకొని దగ్గరికి పోయాను. ఫోన్ నా వైపు చాపాడు.

"గీ నంబరు బ్లాక్‌ల ఉన్నది. తీసుడు నాకొస్తలేదు."

యూనియన్ గ్రూపులు నాలుగు నడిపే మనిషి. ఎవరిని తీసేయాలో, ఎవరిని చేర్చాలో ఆయనకు రానిది లేదు. పక్కన కూర్చున్నాను.

"పైన మూడు చుక్కలున్నయ్ చూడు, అవి ఒత్తు," అన్నాను. ఒత్తాడు. "సెట్టింగ్స్‌లకు పో. కిందికి పో. ఇగో, గదే."

ఒక్కటే నంబరు ఉంది అందులో. పేరు లేదు. ఆయన బొటనవేలు దాని మీద ఆగింది.

"గిదేనా?"

"గదే అన్నా."

ఒత్తాడు. జాబితా ఖాళీ అయింది.

"ఇగ జెయ్యి మరి," అంది నాగవ్వ. మధ్యలో దూరకని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

చేశాడు. చేతిలో పెట్టుకొని, స్పీకర్ వేసి, మా అందరి మధ్యే. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తలే," అన్నాడు. ఆ మాటలో బాధ ఉందో, బరువు దిగిన ఊరట ఉందో నాకు తెలియలేదు. లేవబోయాడు. నాగవ్వ చొక్కా పట్టుకుంది.

"ఎత్తకుంటె మల్ల జెయ్యాలె కొడుకా. మేమందరం గట్లనే జేస్తం."

మళ్లీ చేశాడు. ఈసారి వెంటనే ఎత్తారు.

"హలో? ఎవలు?" అని పెద్ద గొంతు. మగ్దలేనమ్మ అవ్వ. బిడ్డ ఫోన్ తనే ఎత్తింది. హాలులో అందరూ ఆ గొంతు గుర్తుపట్టారు.

"నేనే."

"నేనే అంటే ఎవలు?"

"జాన్సన్‌నే అవ్వా."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"అక్క బట్టలు ఆరేస్తుంది. ఉండు, ఇస్త."

"ఇయ్యకవ్వా, నేను నీతోని..."

ఆమె అప్పటికే నడుస్తోంది. చెప్పుల చప్పుడు వినబడుతోంది, ఏదో తలుపు కిర్రుమంది, దూరంగా ఒక ఆడగొంతు "ఎవలట?" అంటోంది. గట్టయ్య తాత ఫోన్ పొడవడం ఆపేశాడు. జాన్సన్ అన్న లేచి నిలబడ్డాడు. ఎర్ర గుర్తు ఒత్తి పెట్టేస్తాడనుకున్నాను. బొటనవేలు దాని దాకా పోయింది కూడా.

ఒత్తలేదు. స్పీకర్ తీసేసి ఫోన్ చెవికి పెట్టుకొని వరండా వైపు నడిచాడు. గుమ్మం దగ్గర ఆగి, గోడకు చేయి ఆనించాడు.

"ఆ... నేనే అక్కా," అన్నాడు.

తర్వాతి మాటలు నాకు వినబడలేదు.